మీకు తెలుసా? స్కూటర్ నట్టులో సూదంటురాయి

స్కూటర్‌కి ఆయిల్ మార్చేటప్పుడు మెకానిక్ కిందికి వంగి ఒక నట్టు విప్పుతాడు. నల్లటి ఆయిల్ ట్రేలోకి కారిపోతుంది. నట్టు తుడిచి మళ్లీ బిగిస్తాడు. చూసేవాళ్ల దృష్టంతా కొత్త ఆయిల్ డబ్బా మీదే ఉంటుంది. ఆ డ్రెయిన్ నట్టు లోపలి కొనకు చిన్న అయస్కాంతం అమర్చి ఉంటే దాన్ని మాగ్నెటిక్ డ్రెయిన్ ప్లగ్ అంటారు. ఆయిల్‌లో తిరిగే ఇనుప రజనును అది పట్టి ఉంచుతుంది. వస్తువు వేలెడంతే అయినా దాని వెనక కథ పెద్దది.

జాలీయే దిక్కు

కారుకు ఆయిల్ మార్పిస్తే సాధారణంగా ఆయిల్ ఫిల్టర్ కూడా మారుస్తారు. మన వీధుల్లో తిరిగే గేర్‌లెస్ స్కూటర్లలో చాలావాటికి ఆ కాగితపు ఫిల్టరే లేదు. హోండా యాక్టివా అందుకు ఉదాహరణ. అందులో ఉండేది ఒక లోహపు జాలీ. గాస్కెట్ ముక్కలు, పెద్ద పెంకుల్లాంటివి ఆయిల్ పంపులోకి పోకుండా అది ఆపుతుంది. సన్నని రజను మాత్రం జాలీ కళ్లలోంచి దాటిపోతుంది. కొన్ని 125 సీసీ మోడళ్లకు కాగితపు ఫిల్టర్ ఉంటుంది. మీ బండికి ఉందో లేదో బండితో ఇచ్చిన మాన్యువల్‌లో చూసుకోవచ్చు. ఫిల్టర్ లేని ఇంజిన్‌లో రజను బయటికి పోవాలంటే ఆయిల్ మార్చడమొక్కటే దారి. మాగ్నెట్ నట్టుకు స్కూటర్లలో గిరాకీ రావడానికి మొదటి కారణం ఇదే.

ముప్పావు లీటరు మీద బండెడు పని

నూటపది సీసీ స్కూటర్ ఇంజిన్‌లో పట్టే ఆయిల్ సుమారు 0.7 నుంచి 0.8 లీటరు. చిన్న కారులో అయితే మూడు లీటర్ల పైనే. ఊడిన లోహం ఒకే మోతాదులో ఉన్నా, తక్కువ ఆయిల్‌లో దాని గాఢత పెరుగుతుంది. పైగా చాలా స్కూటర్ ఇంజిన్లు గాలితో చల్లబడేవే కాబట్టి వేడిని మోసే బాధ్యత కూడా ఆయిల్ మీద పడుతుంది. కొలత తగ్గితే కష్టం రెండింతలవుతుంది. అందుకే ఏ నట్టు కొనే ముందైనా డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడటం మంచిది. ఖర్చు లేని జాగ్రత్త అది.

ఇంటిదొంగ రజను

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంజిన్ ఆయిల్‌లోని ఇనుము బయటి నుంచి వచ్చింది కాదు, ఇంజిన్ సొంత భాగాల నుంచి అరిగి రాలినదే. పిస్టన్ రింగులు, పోత ఇనుము లైనర్, కామ్, టైమింగ్ చైన్, బేరింగులు, ఆయిల్ పంపును తిప్పే భాగాలు, అన్నీ ఎంతో కొంత అరిగేవే. ఇందులో స్కూటర్‌కి ఒక ప్రత్యేకత ఉంది. కారు ఇంజిన్‌లో క్రాంక్ మామూలుగా రాగి, సీసం, అల్యూమినియం మిశ్రమాల పొర ఉన్న మెత్తటి షెల్ బేరింగుల మీద తిరుగుతుంది. ఆ పొర అరిగితే అయస్కాంతానికి చిక్కదు. స్కూటర్ క్రాంక్ తిరిగేది ఉక్కు బాల్ బేరింగుల మీద. కనెక్టింగ్ రాడ్డు పెద్ద కొనలో ఉండేవీ ఉక్కు నీడిల్ రోలర్లే. వాటికి జబ్బు చేస్తే ఆ ఆనవాళ్లు మాగ్నెట్‌కు అంటుకుంటాయి.

కంటికి ఆనని ముక్కలు

మామూలు అరుగుదలలో రాలే రేణువుల పరిమాణం ఎక్కువగా 15 మైక్రాన్ల లోపే. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఒక్కో రేణువు విడిగా కంటికి ఆనదు. వేలమీద మెత్తటి బూడిదరంగు ముద్దలా కనిపిస్తే అది కోట్లాది రేణువుల గుంపన్నమాట. భాగాల మధ్య ఆయిల్ పొర ఒక మైక్రాను నుంచి కొద్ది మైక్రాన్ల మందం ఉంటుంది, కొన్నిచోట్ల అంతకంటే పలచన. ఆ పొర మందానికి దగ్గరగా ఉండే రేణువులే సందులో దూరి రెండు వైపులా గీరుతాయి. అలా గీరినప్పుడు ఇంకొంత రజను పుడుతుంది.

మొదటి సర్వీసు తొందర ఎందుకు?

కొత్త బండికి మొదటి సర్వీసును కంపెనీలు తొలి వెయ్యి కిలోమీటర్ల లోపే పెడతాయి. కొత్త రింగులూ లైనరూ ఒకదానికొకటి సర్దుకునే కాలం అది. మిషను మీద కోసిన గరుకు శిఖరాలు రాలి ఉపరితలం నునుపు తేలుతుంది. ఇంజిన్ ఆయుష్షులో రజను ఎక్కువగా రాలే రోజుల్లో ఇవి ముందుంటాయి. ఆ దశలో మాగ్నెట్‌కు దట్టంగా ముద్ద అంటుకుంటే కంగారు పడక్కర్లేదు. రెండో మార్పుకీ మూడో మార్పుకీ అది పలచబడుతూ రావాలి. బోరు చేయించి కొత్త పిస్టన్ వేయించిన పాత బండికీ ఇదే లెక్క.

అయస్కాంతానికి చిక్కనివి

పిస్టన్ అల్యూమినియం, సిలిండర్ హెడ్ అల్యూమినియం, ఇంజిన్ కేసు కూడా అల్యూమినియమే. వాటి పొడి మాగ్నెట్ పక్కనుంచి వెళ్లినా అంటుకోదు. ఎయిర్ ఫిల్టర్ చిరిగితే లోపలికి వెళ్లే మట్టి, ఇసుక అంటవు. మసి అంటదు. ఆశ్చర్యం ఏమిటంటే ఉక్కులో కూడా కొన్ని రకాలు అంటవు. ఎగ్జాస్ట్ వాల్వులను వేడికి తట్టుకునే ఆస్టెనిటిక్ ఉక్కుతో చేయడం మామూలు. చాలా ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వుకు అయస్కాంతం టక్కున అంటుకుంటుంది, ఎగ్జాస్ట్ వాల్వు తలకు అంటుకోదు. హెడ్ విప్పిన రోజు మెకానిక్ బల్ల మీద సరదాగా పరీక్షించి చూడండి.

నలుపు నేరం కాదు

తీసిన ఆయిల్ నల్లగా ఉందంటే అందులో ఇనుము నిండిందని అర్థం కాదు. రింగుల పక్కనుంచి జారి వచ్చే మండిన వాయువులు, వేడికి ఆక్సీకరణ చెందిన ఆయిల్, మసి, ఇవన్నీ కలిసి ఆ రంగు తెస్తాయి. ఆయిల్‌లోని డిటర్జెంట్లు మసిని పేరుకోనీయకుండా తమలో కలుపుకుని మోస్తాయి. అది వాటి ఉద్యోగం. మాగ్నెట్ ఆ నలుపును కాస్త కూడా తగ్గించలేదు. ఆయిల్ రంగు చూసి ఇంజిన్ ఆరోగ్యం తేల్చేవాళ్ల మాటలో నిజం పాలు తక్కువ.

అసలు చోటు వెనక ఉంది

గేర్‌లెస్ స్కూటర్‌లో ఇంజిన్ ఆయిల్ కాక ఇంకో ఆయిల్ కూడా ఉంటుంది. వెనక చక్రం దగ్గర కొన్ని ఉక్కు గేర్లున్న చిన్న డబ్బా, దాన్ని ఫైనల్ డ్రైవ్ అంటారు. అందులో పట్టే గేర్ ఆయిల్ చాలా మోడళ్లలో 100 నుంచి 150 మిల్లీలీటర్ల మధ్యే. దానికి పంపు లేదు, జాలీ లేదు, ఫిల్టర్ లేదు. గేర్ల పళ్ల నుంచి రాలింది ఎంతైనా ఆయిల్ మార్చే దాకా అక్కడే తిరుగుతుంది. రాలేది దాదాపు అంతా ఉక్కే. అయస్కాంతానికి ఇంతకంటే అనువైన చోటు స్కూటర్‌లో మరోటి లేదు. అయినా మాగ్నెట్ నట్టు కొనేవాళ్లలో ఎక్కువమంది దాన్ని ఇంజిన్‌కే పెట్టుకుంటారు. ఆ గేర్ ఆయిల్ ఒకటి ఉందనీ, దాన్నీ మార్చాలనీ తెలియని బండివాళ్లు ఇంకా ఉన్నారు.

స్కూటర్‌కి పొడి క్లచ్, బైక్‌కి తడి క్లచ్

మోటార్‌సైకిల్లో ఇంజిన్, గేర్లు, క్లచ్ మూడూ ఎక్కువగా ఒకే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. గేర్లు మారేటప్పుడు రాలే ఉక్కు పొడి, క్లచ్ ప్లేట్ల పొడి అన్నీ అందులోకే. గేర్‌లెస్ స్కూటర్‌లో బెల్టు, సెంట్రిఫ్యూగల్ క్లచ్ వేరే గదిలో పొడిగా తిరుగుతాయి. కాబట్టి స్కూటర్ ఇంజిన్ ఆయిల్‌లో దొరికే ఇనుము సూటిగా ఇంజిన్ కథే చెబుతుంది. ఈ తేడా వల్లే జపాన్ జాసో ప్రమాణాల్లో తడి క్లచ్‌కు ఎంఏ, పొడి క్లచ్ స్కూటర్లకు రాపిడి మరింత తక్కువగా ఉండే ఎంబీ అని ఆయిళ్లకు వేర్వేరు గుర్తులు పెట్టారు.

చేతక్ రోజుల్లో

బజాజ్ చేతక్ 1972లో వచ్చింది. ఆ టూ స్ట్రోక్ బండ్లలో ఇంజిన్ ఆయిల్ పెట్రోల్‌తో కలిసి మండిపోయేది. ట్యాంకులో కొలత ప్రకారం టూటీ ఆయిల్ కలిపిన తరం వారికి అది బాగా గుర్తు. మండిపోయే ఆయిల్‌కు డ్రెయిన్ నట్టుతో పని లేదు. కింద ఉండే నట్టు గేర్‌బాక్సుది. అదే తరహా వెస్పా పీఎక్స్‌లో ఆ గేర్ ఆయిల్ 250 మిల్లీలీటర్లు. క్లచ్ కూడా అందులోనే తడుస్తుంది. పాత వెస్పాలను ముద్దుగా చూసుకునేవాళ్లు ఇప్పుడు ఆ గేర్‌బాక్సుకే మాగ్నెట్ నట్టు వేయించుకుంటున్నారు.

పెద్ద బండ్లకు కొత్తేమీ కాదు

1959లో ఇంగ్లండులో వచ్చిన మినీ కారులో స్థలం కలిసిరావడానికి అలెక్ ఇసిగోనిస్ గేర్‌బాక్సును ఇంజిన్ కిందే, ఇంజిన్ ఆయిల్‌లోనే పెట్టాడు. గేర్ల ఉక్కు పొడి ఇంజిన్ ఆయిల్‌లో కలిసే ఏర్పాటు కాబట్టి దాని డ్రెయిన్ ప్లగ్‌కు మాగ్నెట్ ఉండేది. ఆటోమేటిక్ గేర్లున్న కార్ల ట్రాన్స్‌మిషన్ ట్రేలో కంపెనీ పెట్టిన అయస్కాంతాలు కనిపించడం మామూలే. కేటీఎం బైకుల ఆయిల్ డ్రెయిన్ ప్లగ్‌కు మాగ్నెట్ కంపెనీ నుంచే వస్తుంది.

ఆకాశంలో మోగే నట్టు

హెలికాప్టర్ గేర్‌బాక్సులో ఉండే మాగ్నెట్ ప్లగ్ ఇంకో మెట్టు పైది. దానికి రెండు విద్యుత్ మొనలు, వాటి మధ్య సన్నని ఖాళీ ఉంటాయి. అంటుకున్న లోహపు ముక్క ఆ ఖాళీని కలిపితే సర్క్యూట్ పూర్తయి పైలట్ ముందు హెచ్చరిక దీపం వెలుగుతుంది. దీన్ని చిప్ డిటెక్టర్ అంటారు. మెత్తటి మామూలు రజనుకే దీపం వెలిగితే పైలట్‌కు అనవసరపు బెదురు. అందుకని కొన్నిటిలో ఆ రజనును కాల్చేసేంత విద్యుత్తును ఒక్క క్షణం పంపే ఏర్పాటు ఉంటుంది. రజను కాలిపోతే దీపం ఆరిపోతుంది, పెద్ద పెంకు ఉంటే ఆరదు. అప్పుడు పైలట్ దిగడానికి చోటు చూసుకోవాలి.

రజను చదివే శాస్త్రం

1946లో అమెరికాలోని డెన్వర్ అండ్ రియో గ్రాండ్ రైల్‌రోడ్ ప్రయోగశాల, డీజిల్ ఇంజిన్లలో వాడిన ఆయిల్‌లోని లోహాలను కొలిచి లోపాలను ముందే పసిగట్టింది. 1970ల మొదట్లో అమెరికాలోనే వెర్నన్ వెస్ట్‌కాట్ ఫెర్రోగ్రఫీ అనే పద్ధతి తెచ్చాడు. ఆయిల్‌ను గాజు పలక మీద అయస్కాంతం పైనుంచి పారించి, రేణువులను సైజు వారీగా పరిచి, మైక్రోస్కోపు కింద వాటి ఆకారం చూస్తారు. మెలి తిరిగిన తీగలా ఉంటే ఏదో పదును భాగం కోస్తోందని, రేకుల్లా ఉంటే బేరింగ్ లేదా గేర్ ఉపరితలం అలసి ఊడుతోందని అర్థం. స్కూటర్ మాగ్నెట్ నట్టు ఆ శాస్త్రానికి అతి చిన్న గృహరూపం. ఇంజిన్‌కు అది రక్తపరీక్ష లాంటిది. జబ్బు నయం చేయదు, జబ్బు ఉందో లేదో చెబుతుంది.

ఆవు పొట్టలోనూ అయస్కాంతం

మేతతో పాటు మేకులు, తీగ ముక్కలు మింగిన పశువులకు వచ్చే జబ్బు పశువైద్యులకు బాగా తెలుసు. ఇనుప ముక్క నాలుగు గదుల పొట్టలో తేనెపట్టులా ఉండే గదిలో చేరి, గోడను పొడుచుకుని గుండె దాకా వెళ్లగలదు. అందుకే కొన్ని దేశాల్లో పాడి పశువుల చేత నున్నటి కడ్డీ అయస్కాంతాన్ని మింగిస్తారు. అది ఆ గదిలోనే జీవితాంతం ఉండిపోయి ఇనుప ముక్కలను తనకు కరిపించుకుంటుంది. డ్రెయిన్ నట్టుదీ ఇదే సూత్రం. తిరిగే ముక్క కంటే ఒకచోట కట్టుబడిన ముక్క తక్కువ హాని చేస్తుంది.

వేడికి తగ్గే పట్టు

నియోడిమియం అయస్కాంతాలను 1980ల ఆరంభంలో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ శాస్త్రవేత్తలు విడివిడిగా తయారుచేశారు. పిసరంత ముక్కకే గట్టి పట్టు ఉంటుంది. కానీ మామూలు గ్రేడు నియోడిమియం సుమారు 80 డిగ్రీల సెల్సియస్ వరకే భరోసా. మండువేసవిలో ట్రాఫిక్‌లో నిలిచిన స్కూటర్ ఆయిల్ 100 డిగ్రీలు దాటగలదు. 120 డిగ్రీలు ఓర్చే హెచ్, 150 ఓర్చే ఎస్‌హెచ్ గ్రేడ్లు ఉన్నాయి. సమేరియం కోబాల్ట్ రకం 300 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. గ్రేడు చెప్పని నట్టు కొత్తలో ఎంత గట్టిగా లాగినా కొన్నాళ్లకు పట్టు కోల్పోవచ్చు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఒక చిన్న మేకును దానితో లేపి చూస్తే పట్టు ఉందో లేదో తెలిసిపోతుంది.

బయట అంటిస్తే సరిపోదా?

అల్యూమినియం అయస్కాంత క్షేత్రానికి అడ్డు కాదు. అలాగని ఇంజిన్ కేసు బయట మాగ్నెట్ అంటిస్తే లాభం కొద్దే. దూరం రెట్టింపైతే పట్టు సగానికి కాదు, అంతకంటే చాలా కిందికి పడిపోతుంది. కేసు గోడ మందం దాటేసరికే బలం పలచబడుతుంది. పైగా మాగ్నెట్ అల్యూమినియానికి అంటుకోదు, జిగురు పెట్టాలి, గుంతల రోడ్ల మీద అది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేం. లోపల ఆయిల్‌ను తాకే నట్టు కొన అందుకే మెరుగు. పైగా ఆ నట్టు ఉండేది అట్టడుగున. ఇనుము ఆయిల్ కంటే తొమ్మిది రెట్లు బరువు. బండి ఆగి ఉన్నప్పుడు కాస్త పెద్ద రేణువులు అక్కడికే దిగుతాయి.

ముద్దను చదవడం ఎలా?

నట్టు కొన మీది ముద్దను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దండి. కాటుకలా మెత్తగా జారితే మామూలు అరుగుదల. గరగరమంటే అనుమానించాలి. కంటికి కనిపించే పెంకులు, సూదిలాంటి ముక్కలు, మెరిసే రేకులు ఉంటే మెకానిక్‌కు చూపించాలి. ఒక్కసారి చూసి తీర్పు చెప్పడం కష్టం. ముద్దను తెల్ల కాగితం మీద తుడిచి, పక్కన తేదీ, కిలోమీటర్లు రాసి పెట్టుకుంటే పోల్చడానికి వీలవుతుంది. ఎప్పుడూ పలచగా వచ్చేది ఉన్నట్టుండి దట్టమైందంటే, ఇంజిన్ శబ్దం మారకముందే సంగతి బయటపడినట్టే.

బిగింపులోనే ఉంది కీలకం

ఇంజిన్ కేసు అల్యూమినియం, నట్టు ఉక్కు. పోటీలో ఓడేది కేసే. కొలత సరిపోని త్రెడ్డున్న నట్టును బలవంతంగా తిప్పితే కేసు త్రెడ్లు కొట్టుకుపోతాయి. ఆ తర్వాత త్రెడ్లను తిరిగి నిలబెట్టే హెలికాయిల్ వేయించుకోవాల్సిందే. చిన్న ఇంజిన్ల డ్రెయిన్ నట్టుకు సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు, సరైన అంకె మీ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. గేర్ ఆయిల్ నట్టు ఇంకా చిన్నది కాబట్టి దాని అంకె కూడా చిన్నదే. పానా మీద కాలు పెట్టి బిగించే పని కాదు. వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి. నట్టు పాతదాని కంటే పొడుగ్గా ఉండకూడదు. హోండా డిజైన్ నుంచి వచ్చిన జీవై6 రకం ఇంజిన్లు కొన్నింటిలో జాలీ, స్ప్రింగ్ ఉన్న పెద్ద మూత విప్పే ఆయిల్ తీస్తారు, అక్కడ పొడుగు మాగ్నెట్ జాలీకి తగలవచ్చు. మాగ్నెట్‌ను ఒట్టి జిగురుతో అంటించిన చవక నట్ల జోలికి పోవద్దు. వేడికి జిగురు వదిలితే ఆ ముక్క ఇంజిన్ లోపలే పడుతుంది.

మైలేజీ పెరుగుతుందా?

పెరగదు. అయస్కాంతం ఆయిల్ గుణాన్ని మార్చదు, పెట్రోల్ ఆదా చేయదు. ఆయిల్ మార్చే గడువును పొడిగించే హక్కు కూడా దాని వల్ల రాదు, ఎందుకంటే ఆయిల్ పాడయ్యేది వేడి, తేమ, మసి, పెట్రోల్ కలవడం, అడిటివ్‌లు అయిపోవడం వల్ల. అందులో ఏ ఒక్కదాన్నీ మాగ్నెట్ ఆపదు. చిన్న మేలు ఒకటుంది. సన్నని ఇనుము ఆయిల్ ఆక్సీకరణను వేగిరపరుస్తుంది. దాన్ని ఒకచోట కట్టిపడేస్తే ఆ మేరకు మంచిదే. ప్యాకెట్ మీద ఇంతకు మించి రాసి ఉంటే నమ్మనక్కర్లేదు.

బ్యాటరీ స్కూటర్ల సంగతి

ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఇంజిన్ ఆయిల్ ఉండదు. కొన్నింటిలో మోటారుకూ చక్రానికీ మధ్య గేర్లు, కొంచెం గేర్ ఆయిల్ ఉంటాయి. చక్రంలోనే మోటారు ఉన్న చాలా మోడళ్లలో అవీ ఉండవు. అయస్కాంతం మాత్రం ఉంది, ఈసారి నట్టులో కాక మోటారులో. ఈ బండ్లను నడిపే మోటార్లలో ఎక్కువ వాటికి బలాన్నిచ్చేది నియోడిమియమే.

కొనకుండానే చూడాలంటే

మాగ్నెట్ నట్టు లేకపోయినా ఈ పరీక్ష చేసుకోవచ్చు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్‌లో చుట్టి, తీసిన ఆయిల్ ఉన్న ట్రే అడుగున నెమ్మదిగా తిప్పండి. ట్రే ప్లాస్టిక్‌దైతే మేలు, రేకు ట్రే అయితే అయస్కాంతం దానికే కరుచుకుంటుంది. బయటికి తీసి కవర్‌ను తిరగేస్తే రజను కవర్‌తో పాటు ఊడి వస్తుంది, అయస్కాంతం శుభ్రంగా మిగులుతుంది. గేర్ ఆయిల్ మార్చినప్పుడు కూడా ఇలాగే చేయండి. మెకానిక్ ట్రేను డ్రమ్ములో వంపేలోపు ఒక్క నిమిషం అడిగితే చాలు.